చైనీస్ కష్టమా, జపనీస్ కష్టమా: రెండూ నేర్చుకున్న నా అనుభవం

భాషల కష్టసుఖాల గురించి ఎవరు మాట్లాడినా చివరికి ఒక అమెరికా లెక్క దగ్గరికే వస్తారు. అక్కడి విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటి నడుపుతుంది. చైనీస్, జపనీస్, కొరియన్, అరబిక్ భాషలకి 2,200 గంటల క్లాసులు, అంటే 88 వారాలు పడుతుందని వాళ్ళ అంచనా. ఈ నాలుగింటిలోనూ జపనీస్ పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి, మిగతావాటికంటే ఇది ఇంకాస్త కష్టం అని చాలాకాలం రాశారు. మనవాళ్ళు కూడా అది చదివి "అమ్మో, జపనీసా!" అని వెనక్కి తగ్గుతారు. కానీ ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్ళది. క్రియని వాక్యం చివర పెట్టి మాట్లాడేవాళ్ళని, చిన్నప్పుడే ద్విత్వాక్షరాలు దిద్దినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని వేసింది కాదు.

నేను రెండూ నేర్చుకున్నది ఉద్యోగం కోసమే. అనిమే పిచ్చి లేదు, కుంగ్‌ఫూ సినిమాల మోజూ లేదు. శ్రీసిటీలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేదాన్ని. జపాన్ నుంచి ఎక్స్‌పర్టులు వచ్చి నెలల తరబడి ఉండేవారు. కైజెన్ (కొద్దికొద్దిగా మెరుగుపరచడం), గెంబా (పని జరిగే చోటు), పోకయోకె (పొరపాటుకి వీలు లేకుండా చెయ్యడం) లాంటి మాటలు లైన్ మీద కుర్రాళ్ళకి కూడా నోట్లో నానిపోయాయి. గోడ మీద సర్దుబాటు, శుభ్రత నియమాల ఫైవ్ ఎస్ బోర్డు ఉండేది: సెయిరి, సెయితోన్, సెయిసో, సెయికెత్సు, షిత్సుకె. ఆ మాటలు రోజూ చూడ్డమే తప్ప, ఎక్స్‌పర్టు ఒక పార్టు చేతిలో పట్టుకుని మొహం చిట్లించి ఏమన్నాడో తెలియాలంటే ఇంటర్‌ప్రెటర్ వచ్చేదాకా ఆగాల్సిందే. అలా ఆగలేక శనాదివారాలు సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి చెన్నైలో క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టాను.

మొదటి క్లాసులో అక్షరాల చార్టు చూడగానే నాకూ, పక్కన కూర్చున్న తమిళ అమ్మాయికీ ఒకటే అనుమానం వచ్చింది. అ ఇ ఉ ఎ ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది మన వర్ణమాల వరసే కదా! అనుమానం నిజమే. సంస్కృత మంత్రాలు రాసే సిద్ధం లిపి బౌద్ధ భిక్షువులతో చైనా మీదుగా జపాన్ చేరింది. కూకాయ్ అనే భిక్షువు 806లో చైనా నుంచి తిరిగి వస్తూ ఆ లిపిలో ఉన్న గ్రంథాలు తెచ్చాడు. ఆ చదువు ప్రభావంతోనే వాళ్ళ అక్షరాల వరస మన పద్ధతిలోకి వచ్చింది. చ ఉండాల్సిన చోట స, ప ఉండాల్సిన చోట హ ఉండటానికి కారణం పాత ఉచ్చారణలు మారిపోవడమే. వాళ్ళకి ఇలాంటి అక్షరమాలలు రెండు: హిరగానా 46, కతకానా 46. గుణింతాలు, ఒత్తులతో పెరిగినవాళ్ళకి ఇది పెద్ద బరువు కాదు.

నోరు తిరగడం కూడా అంతే. "కితె" అంటే రా, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఆ ఒత్తు దగ్గర మా బ్యాచ్‌లో ఉత్తరాదివాళ్ళు కొందరు తడబడేవారు. కల, కల్ల, కాలు అని మూడూ వేరుగా పలికేవాళ్ళకి అందులో కష్టం ఏముంటుంది? "త్సు" అనే అక్షరం దగ్గర అందరూ ఆగితే, "చుక్క" అన్నప్పుడు మనం పలికే చు అదేనని నేను పుస్తకం అంచున రాసుకున్నాను. పైగా వాళ్ళ మాటలు కూడా ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. ఇంగ్లీషు బస్ మనకి బస్సు అయినట్టే వాళ్ళకి "బసు" అయింది.

అసలు సుఖం వ్యాకరణంలో ఉంది. "నిన్న నేను కొన్న పుస్తకం" అనాలంటే ఇంగ్లీషువాడు వాక్యాన్ని తిరగెయ్యాలి. జపనీస్‌లో "కినో వతషి గా కత్త హొన్": నిన్న, నేను, కొన్న, పుస్తకం. మాటకి మాట, అదే వరసలో. లో, కి, నుంచి, వరకు, తో లాంటివన్నీ నామవాచకం తర్వాతే వస్తాయి. "వస్తాను అని అన్నాడు" అనేటప్పుడు మన "అని" కూర్చునే చోటే వాళ్ళ "తొ" కూర్చుంటుంది. "వెళ్ళి, తిని, వచ్చాను" అన్నట్టే అసమాపక క్రియల్ని గొలుసుకట్టుగా వాడతారు. "తబెతె మిరు" అంటే తిని చూడటం. తినడం, చూడటం అనే రెండు క్రియలూ కలిసి రుచి చూడటం అనే అర్థం ఇస్తాయి, మన దగ్గరలాగే. "కత్తె ఒకు" అంటే కొని పెట్టడం, ముందుజాగ్రత్తగా. పాఠ్యపుస్తకం ఇలాంటివాటికి పేజీలకి పేజీలు ఇంగ్లీషులో వివరణ రాసింది. నేను పెన్సిల్‌తో పక్కన తెలుగు మాట రాసి పేజీ తిప్పేసేదాన్ని. ఆఖరికి మనుషుల్ని లెక్కపెట్టడం కూడా: హితొరి, ఫుతరి అంటే ఒకరు, ఇద్దరు. (సుసుము ఓనో అనే జపాన్ భాషావేత్త తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని గట్టిగా వాదించారు. మిగతా భాషావేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం ఉన్నా లేకపోయినా నాకు మాత్రం పని జరిగింది.)

జపనీస్ ప్రావీణ్య పరీక్షలో అయిదు మెట్లు, ఎన్-5 అన్నిటికంటే కింద, ఎన్-1 అన్నిటికంటే పైన. ఎన్-5, ఎన్-4 అలా పెద్దగా టెన్షన్ లేకుండా గడిచాయి. ఈ పరీక్ష జులై, డిసెంబరు నెలల్లో మొదటి ఆదివారం జరుగుతుంది. ఎన్-3 దగ్గర నా వేగం తగ్గింది, ఎన్-2 దగ్గర ఆగిపోయినంత పనైంది.

కారణం కాంజీ. చైనా నుంచి వెళ్ళిన ఆ అక్షరాల్లో జపాన్ ప్రభుత్వం నిత్యవ్యవహారానికని 2010లో ఖరారు చేసిన జాబితాలో 2,136 ఉన్నాయి. సంఖ్య చూసి భయపడక్కర్లేదు, కూర్చుంటే వస్తాయి. ఒక్కో అక్షరాన్ని ఎన్ని రకాలుగా చదవాలన్నదే గొడవ. పుట్టుక, జీవం అనే అర్థాలున్న అయిదు గీతల అక్షరం ఒకటుంది. విద్యార్థి అనే మాటలో అది "సెయ్". జీవితకాలం అనే మాటలో "షో". బతకడం అన్నప్పుడు "ఇ", పుట్టడం అన్నప్పుడు "ఉ", గడ్డి మొలవడం అన్నప్పుడు "హ". పచ్చిది అనే అర్థంలో ఒంటరిగా వస్తే "నమ". ఆదివారం అనే మాటలో సూర్యుడి అక్షరం రెండుసార్లు వస్తుంది, మొదట "నిచి", చివర "బి". దీనికి రూల్ ఏమిటని మా టీచర్ని అడిగితే చిన్నగా నవ్వి తర్వాతి పేజీ తియ్యమన్నారు. చైనా నుంచి వేర్వేరు శతాబ్దాల్లో వేర్వేరు ఉచ్చారణలు వెళ్ళి పొరలు పొరలుగా పేరుకున్నాయి. వాటి పైన వాళ్ళ సొంత మాటలు కూడా అవే అక్షరాలకి అతికించారు. ఇక మనుషుల పేర్ల సంగతి సరేసరి. జపాన్‌లో ఏ ఫారం చూసినా పేరు రాసే గడి పైన దాన్ని ఎలా పలకాలో రాయడానికి ఇంకో గడి ఉంటుంది. వాళ్ళకే తెలియదన్నమాట!

రెండో గోడ మర్యాద భాష. ఇందులో మాత్రం తెలుగు నాకు సాయం చెయ్యకపోగా అడ్డం వచ్చింది. మీరు, గారు, అండీ అలవాటున్నవాళ్ళం కదా, సులువే అనుకుంటాం. "సాన్" అంటే గారు అని మొదటి రోజే సంబరపడతాం. ఒకసారి కస్టమర్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, మా మేనేజర్ కావాలని. ఆయన సీట్లో లేరు. నేను ఆయన ఇంటిపేరుకి "సాన్" చేర్చి, గౌరవ క్రియ వాడి, లేరని చెప్పబోతుంటే పక్కనున్న జపాన్ ఎక్స్‌పర్టు చెయ్యి అడ్డం ఊపుతూ "సాన్ తీసెయ్, సాన్ తీసెయ్" అని సైగ చేశాడు. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన కంపెనీ వాళ్ళందరూ మనవాళ్ళే, కాబట్టి వాళ్ళని తగ్గించి చెప్పాలి. మేనేజర్ అయినా సరే, ఎండీ అయినా సరే. క్రియ కూడా మారిపోతుంది, "ఒరిమాసు" అనే వినయ రూపంలోకి. మేనేజర్ని ఉత్త ఇంటిపేరుతో అనడానికి నాకు నోరు రాలేదు. అర్థం కాక కాదు, ఒళ్ళు ఒప్పుకోక. పెద్దాయన్ని ఎవరి ముందైనా "గారు" అనే పెంపకం మనది. వాళ్ళకి గౌరవం మనిషిని బట్టే కాదు, ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఒకే రోజు ఒకే మనిషి గురించి మూడు రకాలుగా మాట్లాడాలి. కాంజీ అయినా కార్డులు రాసుకుని బట్టీ పట్టొచ్చు గానీ దీనికి కార్డులు పనికిరావు.

ఎన్-2కి మొత్తం 180 మార్కుల్లో 90 రావాలి, ఒక్కో విభాగంలో కనీసం 19 ఉండాలి. మాట్లాడే పరీక్ష ఉండదు, రాసే పరీక్షా ఉండదు, అన్నీ గడులు నింపడమే. అందుకే ఎన్-2 సర్టిఫికెట్ చేతిలో ఉండి ఫోన్ ఎత్తడానికి భయపడేవాళ్ళని చాలామందిని చూశాను.

తర్వాత ఉద్యోగం మారి చైనాలోని షెన్‌జెన్ వెళ్ళాను. ఎలక్ట్రానిక్స్ కంపెనీ, సరఫరాదార్ల ఫ్యాక్టరీలు చుట్టూ, పక్క ఊరు డాంగ్వాన్ దాకా ఉండేవి. విమానం దిగగానే బోర్డులన్నీ అర్థమవుతుంటే గర్వంగా అనిపించింది. ప్రవేశం, నిష్క్రమణ, జాగ్రత్త లాంటివి రెండు భాషల్లోనూ దాదాపు ఒకే అక్షరాలు. ఆ గర్వం ఎయిర్‌పోర్ట్ దాటేవరకే. జపాన్‌లో ఆవిరి రైలుకి రాసే అక్షరాలే చైనాలో కారుకి రాస్తారు, కాబట్టి రైల్వే స్టేషన్ అనిపించేది తీరా బస్ స్టేషన్. జపాన్‌లో వేణ్ణీళ్ళు అనే అర్థమున్న అక్షరం ఇక్కడ మెనూలో సూప్. చూస్తే తెలిసినట్టుంటుంది, నోరు తెరిస్తే ఒక్క ముక్క రాదు, వింటే ఒక్క ముక్క అర్థం కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర సాయంత్రాలు నేర్చుకున్నాను. లావోషీ అని పిలిచేదాన్ని, అక్కడ టీచర్లని అలాగే పిలుస్తారు. ఆవిడ పుస్తకం తియ్యలేదు. రెండక్షరాల మాటల జాబితా ముందు పెట్టింది. చైనీస్‌లో నాలుగు స్వరాలు (టోన్లు, అంటే మాట అర్థాన్నే మార్చే గొంతు ఎత్తుపల్లాలు), వాటికి తోడు తేలికగా పలికే ఇంకొకటి. మొదటి అక్షరం నాలుగు రకాలు, రెండోది అయిదు రకాలు, మొత్తం ఇరవై జోడీలు. రోజూ ఆ ఇరవై జోడీలూ పలికించేది. మూడో స్వరాన్ని పుస్తకాల్లో కిందికి దిగి పైకి లేచే గీతగా గీస్తారు. ఆవిడ ఆ బొమ్మని కొట్టేసి, కింద అడ్డంగా ఒక గీత గీసింది: "మాటల మధ్యలో ఇది లేవదు, కిందే ఉంటుంది." అది తెలిశాక సగం చిక్కు విడిపోయింది. సంగీతం వచ్చినవాళ్ళకి టోన్లు సులువని కొందరంటారు. అది నేను నమ్మను. అక్కడ శ్రుతి లేదు, మన గొంతులోనే పైనా కిందా, అంతే.

నాకు అసలు చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ప్రశ్నల దగ్గర. తెలుగులో అడిగేటప్పుడు చివర గొంతు లేపుతాం, ఆశ్చర్యపోతే సాగదీస్తాం. చైనీస్‌లో ఆ లేపడం మాటనే మార్చేస్తుంది. "మాయ్" అని గొంతు కింద పెట్టి అంటే కొనడం, పైనుంచి కిందికి కొట్టినట్టు అంటే అమ్మడం. సప్లయర్ దగ్గర కూర్చుని రేటు మాట్లాడుతూ ఈ రెండిటినీ కోపంలోనూ, చిరాకులోనూ సరిగ్గా పలకాలి. మొదటి ఏడాది నేను చైనీస్‌లో మాట్లాడినప్పుడల్లా నా మొహంలో ఏ భావమూ ఉండేది కాదట, రోబోలాగా. తోటి ఉద్యోగులు అన్నమాట ఇది.

హల్లులు మాత్రం తెలుగు చలవ. చైనీస్‌ని రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతి 1958 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఇంగ్లీషులా చదివితే కొంప మునిగినట్టే. బి అని రాసేది నిజానికి ప, పి అని రాసేది ఫలంలో ఫ. డి అంటే త, టి అంటే థ. జి అంటే క, కె అంటే ఖ. మనం బీజింగ్ అని రాసే పేరు వాళ్ళ నోట "పెయ్‌చింగ్"కి దగ్గరగా ఉంటుంది. అల్పప్రాణం, మహాప్రాణం తేడా చదువుకున్నవాళ్ళకి ఇది కొట్టినపిండి. శ, ష వేరుగా పలకమని ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు వేసిన మొట్టికాయలు కూడా ఇక్కడ పనికొచ్చాయి, రెండూ వేర్వేరు అక్షరాలు వాళ్ళకి. ట పలికే చోట నాలుక పెట్టి చ అనే శబ్దం ఒకటుంది, దానికి కొన్నాళ్ళు పట్టింది. తీరా చూస్తే షెన్‌జెన్ జనంలో చాలామంది దక్షిణ చైనావాళ్ళు. ష ని స అనేస్తారు, నాలుక మడత పెట్టే ఓపిక వాళ్ళకి లేదు. అంత కష్టపడి నేర్చుకున్నది మాట్లాడితే, "నువ్వు టీవీ న్యూస్‌లా మాట్లాడతావేంటి?" అని నవ్వేవారు.

దీనివల్ల నిజమైన చిక్కు అంకెల దగ్గర. నాలుగుని "స" అంటారు, పదిని "ష" అనాలి. దక్షిణాదివాళ్ళు రెండూ "స" అనే అంటారు. లిచీ పళ్ళు అమ్మే ఆవిడ రేటు చెప్పింది. నాలుగా, పదా? మిగిలింది స్వరం ఒక్కటే: కిందికి పడితే నాలుగు, పైకి లేస్తే పది. నేను కళ్ళు మూసుకుని విన్నంత పని చేశాను. ఆవిడ నా మొహం చూసి రెండు చూపుడు వేళ్ళు అడ్డంగా పెట్టి చూపించింది, పది అని. అక్కడ పదిదాకా అంకెలన్నిటికీ చేతి గుర్తులు ఉన్నాయి, ఆరుకి బొటనవేలూ చిటికెనవేలూ చాపుతారు. మార్కెట్‌కి వెళ్ళడం ఆపకపోవడం వల్లే నా చెవి కుదిరిందనుకుంటాను, క్లాసులవల్ల కాదు.

చెవి కుదిరాక చైనీస్ వేరే భాషలా అనిపించింది. క్రియకి రూపాలే లేవు. నిన్న, ఇవాళ, రేపు అనే మాటలు పెడితే చాలు. నేను, నువ్వు, వాళ్ళు, ఎవరికైనా అదే క్రియ. వాక్యం వరస ఇంగ్లీషుకి దగ్గర, కానీ "నిన్న నేను కొన్న పుస్తకం" దగ్గర మళ్ళీ మన దారే. వస్తువుని బట్టి లెక్కపెట్టే మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి, రెండూ విసిగిస్తాయి, ఆ విషయంలో డ్రా. "ల" అనే చిన్న మాట భూతకాలం అని చెబుతారు గానీ కాదు. "ఇక వెళ్ళను" అనేటప్పుడు మన "ఇక" చేసే పని అది చేస్తుంది. వినలేకపోవడం ఎన్ని రకాలో కూడా బాగా చెప్పుకుంటారు: శబ్దం వినబడలేదా, స్పష్టంగా లేదా, విన్నా అర్థం కాలేదా, మూడిటికీ మూడు మాటలు.

అక్షరాల్లోనూ అంతే. "చింగ్" అనే శబ్దం సూచించే ముక్క ఒకటుంది. పక్కన నీటి గుర్తు పెడితే స్వచ్ఛం, సూర్యుణ్ణి పెడితే మబ్బులేని ఆకాశం, గుండెని పెడితే భావన, మాటని పెడితే దయచేసి. అన్నీ "చింగ్"లే, స్వరం మారుతుంది. జపనీస్‌లో నన్ను ఏడిపించిన ఆ జీవం అక్షరం ఇక్కడ ఎక్కడ కనబడినా "షెంగ్", ఇంకోలా లేదు. రెండు మూడు రకాలుగా పలికే అక్షరాలు కొన్ని ఉన్నాయి, లేవని కాదు. మన చుట్టరికాలు కూడా అతుకుతాయి. పెదనాన్నకి ఒక మాట, బాబాయికి ఒకటి, మేనమామకి ఒకటి, మేనత్తకి ఒకటి. జపనీస్‌లో పిలవడానికి బాబాయీ, మేనమామా ఒకటే.

చైనీస్‌లో కష్టం మీద వచ్చేది పేర్లూ, అరువు మాటలూ. హైదరాబాద్ జపనీస్‌లో హైదెరబాదొ, వినగానే తెలుస్తుంది. చైనీస్‌లో హైతలాపా. కంప్యూటర్‌ని విద్యుత్ మెదడు అంటారు, రైలుని నిప్పు బండి. తెలిసిన ఇంగ్లీషు ఎక్కడా ఆసరా ఇవ్వదు. జపాన్‌లో మాట తోచకపోతే ఇంగ్లీషు మాటకి అచ్చులు తగిలిస్తే సగంసార్లు పని అయిపోతుంది.

నాకు అర్థమైనంతలో చైనీస్, అడ్వాన్స్ మొత్తం ముందే కట్టించుకుని తర్వాత మన జోలికి రాని ఇంటి ఓనర్. జపనీస్, నవ్వుతూ తాళాలు ఇచ్చి ఏడాదికోసారి అద్దె పెంచే ఓనర్. తెలుగు వచ్చినవాళ్ళకి మొదటి రెండేళ్ళు జపనీసే సులువు, అందులో సందేహం లేదు. అయిదేళ్ళ మీద చూస్తే, ఫోన్‌లో కంగారు లేకుండా పని చక్కబెట్టడం నాకు చైనీస్‌లోనే ముందు వచ్చింది. హెచ్‌ఎస్‌కే (చైనీస్ ప్రావీణ్య పరీక్ష) పాత సిలబస్‌లో నాలుగో స్థాయికి 1,200 మాటలు చాలేవి, 300కి 180 వస్తే పాస్. దాన్ని కంప్యూటర్ మీద రాస్తే చేత్తో అక్షరాలు రాసే పని కూడా ఉండదు, పిన్‌యిన్ కొట్టి ఎంచుకోవడమే. ఎన్-2తో పోలిస్తే అది చాలా చిన్న గుమ్మం.

ఇప్పుడు మళ్ళీ శ్రీసిటీ వైపే వచ్చేశాను. జూనియర్లు ఏది నేర్చుకోమంటావక్కా అని అడుగుతుంటారు. ఏ ఫ్యాక్టరీలో ఉన్నావో దాన్నే నేర్చుకోమంటాను, రోజూ చెవిలో పడని భాష నిలవదు. రెండూ కావాలనేవాళ్ళకి మాత్రం చైనీస్ ముందు మొదలుపెట్టమంటాను, నేను చేసినదానికి రివర్స్‌లో. ఒక అక్షరానికి ఒక పలుకుతో రెండువేల అక్షరాలు ముందు మెదడులో కూర్చుంటే, వాటికి జపాన్‌వాళ్ళు తగిలించిన నాలుగైదు పలుకుల్ని తర్వాత చేర్చుకోవడం తేలిక. చెన్నైలో, హైదరాబాద్‌లో జపనీస్ టీచర్లు దొరికినంత సులువుగా చైనీస్ టీచర్లు దొరకరు, ఆ ఇబ్బంది ఉంది.

ఆఫీసులో ఎన్-1 రాయమంటున్నారు. పుస్తకం తెచ్చుకున్నాను. షెన్‌జెన్ పుణ్యమా అని కొత్త మాటల్లో చాలావాటికి చూడగానే అర్థం తడుతోంది, పలకబోతే ముందు చైనీస్ ఉచ్చారణే నోటికొస్తోంది.